పైగాలి పొంగు

ఈ వార్షిక సంచికకు శాస్త్రవిషయమేదైన వ్రాసి యిమ్మని సంపాదకులు నన్ను కోరినప్పుడు, సబ్బు తయారగు విధమును గూర్చియో, వానచినుకు పుట్టుకను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది ఒక ప్రశ్నకు మా తండ్రిగారు ఇచ్చిన సమాధానమును, అదే ప్రశ్నకు నలుబదిరెండు ఏండ్ల తరువాత నేనిచ్చిన సమాధానమును గూర్చి. మొదటిదాని వలన ఒక పేదరాలి రెండు మేకలు పోయెను. రెండవదాని వలన నాకు తలవంపు కలిగెను. మేకలకును, భూమికి నాలుగు వందల కిలోమీటర్ల యెత్తున నుండు పలుచని గాలికిని సంబంధమేమని విద్యార్థులు నవ్వుకొందురు గాక. కొంచెము ఓపికతో చదివినయెడల సంబంధము కానవచ్చును.

1979వ సంవత్సరము జూలై మాసమున నేనింకను తల్లిగర్భమున నుంటిని. కావున ఇప్పుడు చెప్పబోవునది నేను కన్నది కాదు, ఇంటిలో పలుమారు విన్నది. మా తండ్రిగారు ఆనాడు నెల్లూరు జిల్లా మెట్టప్రాంతమున ఒక పల్లెలో మిషను ప్రాథమిక పాఠశాలకు ఏకోపాధ్యాయులు. ఆదివారము ఆరాధన జరిపించువారును వారే. జాబులు చదివిపెట్టువారును, అర్జీలు వ్రాసిపెట్టువారును వారే. ఊరికంతటికిని రెండే రేడియోలు. ఆ నెల మొదటినుండియు ఊరిలో ఒక్కటే మాట: స్కైలాబు పడుతుందంట!

స్కైలాబు అనునది అమెరికావారు 1973లో ఆకాశమునకు పంపిన ప్రయోగశాల. దాని బరువు సుమారు 77 టన్నులు. అందులో మూడు జట్లవారు నివసించి, 1974 ఫిబ్రవరిలో దానిని విడిచి వచ్చిరి. అటు తరువాత అది ఖాళీయిల్లు వలె భూమిచుట్టు తిరుగుచుండెను. అది త్రోవ దిగజారి భూమిమీదికి వచ్చుచున్నదనియు, ఎచ్చట పడునో పంపినవారే చెప్పలేకున్నారనియు రేడియో చెప్పెను. రేడియో చెప్పినది అంతమాత్రమే. తక్కినదంతయు ఊరివారే అల్లుకొనిరి. పొలము పనులు ఆగిపోయెను. ఎట్లును చచ్చువారమే గదా యని కోళ్ళను కోసికొని తినిరి. అప్పిచ్చినవారు వసూలుకు తొందరపడిరి. పుచ్చుకొన్నవారు మాత్రము ఏ తొందరయు లేక కూర్చుండిరి. ఆ రెండు ఆదివారములు ప్రార్థనాలయమున చాపలు చాలలేదని మా తండ్రిగారు నవ్వుచు చెప్పెడివారు. స్కైలాబు పడిన తరువాతి ఆదివారమున చాపలు ఎప్పటివలెనే మిగిలినవట.

మా యింటి ప్రక్క ఒక విధవరాలు ఉండెను. మేమందరము ఆమెను పెద్దమ్మా యని పిలుచువారము. ఆమెకు రెండు పాడిమేకలు, ఒక చిన్న కూతురు. ఒకనాడు మేకల బేరగాడొకడు వచ్చి, రేపో మాపో అందరును పోవువారే, వచ్చినంతకు ఇచ్చివేయుమని ఆమెను తొందరపెట్టెను. ఆమె వానిని వాకిట నిలిపి, మా తండ్రిగారి యొద్దకు పరుగెత్తి వచ్చి అడిగెను: “అయ్యగోరూ, మీరు చదువుకున్నోరు. అది మన మీద పడుద్దా, పడదా?”

మా తండ్రిగారు అసత్యమాడువారు కారు. వార్తాపత్రికలో చదివినది జ్ఞప్తికి తెచ్చుకొని, “ఎవరికీ తెలీదమ్మా” అనిరి.

ఆమె ఆ సాయంకాలమే రెండు మేకలను సగము ధరకు అమ్మివేసెను. ఆ సొమ్ముతో కూతురికి కొత్త పావడా కొని, పండుగకు గాని వండని వరియన్నము రెండుపూటలు వండి పెట్టెను. జూలై 11వ తేది రాత్రి స్కైలాబు విరిగి, దాని ముక్కలు హిందూ మహాసముద్రములోను, ఆస్ట్రేలియా ఖండపు పశ్చిమభాగమున ఎస్పెరాన్సు అను పట్టణపు పరిసరములలోను పడెను. ఎవ్వరికిని గాయము కాలేదు. పెద్దమ్మ మరల మేకను కొనుటకు మూడేండ్లు కూలి చేయవలసి వచ్చెను.

ఈ కథ చెప్పునప్పుడెల్ల మా తండ్రిగారు చివరకు వచ్చుసరికి నవ్వు మానెడివారు. “నేను చెప్పింది నిజమే. అయినా ఆమె మేకలు నా మాట మీదనే పోయాయి” అనెడివారు.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో అచ్చటి గ్రంథాలయమున ఒక సంగతి చదివితిని. స్కైలాబు ముక్క లోకములో ఎవరికైన ఒకరికి తగులుటకు 152 పాళ్ళలో ఒక పాలు అవకాశము కలదనియు, ఫలానా మనుష్యునికే తగులుటకు 60,000 కోట్లలో ఒక పాలనియు అమెరికా అంతరిక్ష సంస్థవారు లెక్కవేసిరట. సెలవులలో ఇంటికి పోయి ఈ మాట మా తండ్రిగారికి చెప్పితిని. వారు చాలసేపు ఊరకుండి, “తెలియదు అనే మాటకు కూడా ఇంత కొలత ఉందా? నాకది తెలియదే!” అనిరి. వారి ముఖము ఇప్పటికిని నాకు కనబడుచున్నది.

వారు గతించి పదునైదేండ్లు దాటినది. 2021 క్రిస్మసు సెలవులలో నేను ఆ పల్లెకు పోయి పెద్దమ్మను చూచితిని. డెబ్బదియేండ్లు పైబడినను వినికిడి చెడలేదు. మాటల నడుమ మేకల సంగతి రానే వచ్చెను. “అది సరే గాని నాయనా, ఇప్పుడైనా తెలుస్తుందా వాళ్ళకి, ఏది ఎప్పుడు పడేదీ?” అని అడిగెను. మా తండ్రిగారి తప్పు నేను చేయరాదని తలంచి, “ఇప్పుడంతా తెలుసు పెద్దమ్మా, లెక్కలు బాగా వచ్చేశాయి” అని గట్టిగా చెప్పి వచ్చితిని. రెండు నెలలు తిరుగకముందే ఆ మాటకు ఏమి గతి పట్టినదో తరువాత వ్రాసెదను. అంతకుముందు, స్కైలాబు అంత త్వరగా ఏల పడెనో చూతము.

గాలి భూమినుండి కొంత యెత్తునకు పోయి ఆగిపోవునని మన విద్యార్థులు పలువురు వ్రాయుదురు. అది సరికాదు. గాలి ఆగదు, పలుచబడుచు పోవును. నాలుగు వందల కిలోమీటర్ల యెత్తున అది మన గదిలోని గాలికంటె కోట్లకొలది రెట్లు పలుచన. అయినను గంటకు ఇరువదియెనిమిది వేల కిలోమీటర్ల వేగముతో పోవు ఉపగ్రహమునకు అంత పలుచని గాలియు ఎదురుగాలియే. అది ఉపగ్రహమును కొంచెము కొంచెముగా క్రిందికి దింపును. క్రిందికి దిగినకొలది గాలి చిక్కన. చిక్కనైనకొలది దిగుట వేగము.

ఇంతవరకైన లెక్క సులభమే. చిక్కు ఎక్కడ ననగా, ఆ పైగాలి ఒక్కతీరుగ నుండదు. పాలు కాచుచున్న గిన్నెను తలచుకొనుడు. మంట హెచ్చించినచో పాలు పైకి పొంగును; గిన్నెలోని పాల బరువు పెరుగలేదు గాని, ముందు ఖాళీగా నున్న అంచు దగ్గరకు పాలు వచ్చినవి. పైవాతావరణమును అట్లే. క్రింద నూరు, నూటయేబది కిలోమీటర్ల యెత్తున వేడిమి చేరినయెడల, దాని మీది గాలియంతయు పైకి పొంగును. నాలుగు వందల కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహమునకు అకస్మాత్తుగా గాలి రెండు మూడు రెట్లు చిక్కనైనట్లు తోచును. స్కైలాబు 1980 దాటినను నిలుచుననియు, అంతలో కొత్త నౌకను పంపి దానిని పైకి నెట్టవచ్చుననియు అమెరికావారు తలచియుండిరి. కాని ఆ యేండ్లలో సూర్యుడు వారనుకొన్న దానికంటె ఉగ్రుడయ్యెను. పైగాలి పొంగెను. కొత్త నౌక సిద్ధము కాకముందే స్కైలాబు దిగిపోయెను. పెద్దమ్మ మేకలను అమ్మించినది బేరగాడు మాత్రమే కాదు. పొయ్యిలో ఎన్ని కట్టెలు పడునో ముందుగా తెలియకపోవుటయు.

ఆ పొయ్యికి మూడు విధములైన కట్టెలు కలవు. మొదటిది సూర్యుని అతినీలలోహిత కిరణములు. రెండవది ధ్రువప్రాంతముల పైగాలిలో ప్రవహించు విద్యుత్తు. మూడవది అచ్చటనే పైనుండి వచ్చి గాలిని కొట్టు విద్యుత్కణములు. ధ్రువజ్యోతి అను అందమైన వెలుగునకు ఇవియే కారణము. 1975 మొదలు 2003 వరకు గల లెక్కలను తీసికొని శాస్త్రజ్ఞులు సరాసరి కట్టిరి. సూర్యకిరణముల వలన సుమారు 464 గిగావాట్లు, విద్యుత్తు వలన 95, కణముల వలన 36. గిగావాట్టు అనగా నూరుకోట్ల వాట్లు. ఇది చూచి, కిరణముల లెక్క చాలును, తక్కినవి చిల్లర యని ఎవరైన తలపవచ్చును. అయితే అది సరాసరి. గొప్ప అయస్కాంత తుపానులు వచ్చిన దినములందు ఆ చిల్లరయే సూర్యకిరణములను మించిపోవును. సూర్యకిరణములు ప్రతిదినము వచ్చు కూలి వంటివి. తుపాను ఒక్కరాత్రి వచ్చిపడు వరద వంటిది.

అయస్కాంత తుపాను ఎట్లు పుట్టునో క్లుప్తముగా చెప్పెదను. సూర్యునినుండి విద్యుత్కణములతో కూడిన పవనము ఎల్లప్పుడును వీచుచుండును. ఒక్కొక్కప్పుడు సూర్యుడు కోట్లకొలది టన్నుల పదార్థమును ఒక్కసారిగా విసరును. అది తనతోకూడ అయస్కాంత క్షేత్రమును తెచ్చును. సూర్యుని వైపున మన భూమి క్షేత్రము ఉత్తరమునకు తిరిగియుండును. వచ్చినది దక్షిణమునకు తిరిగియున్నయెడల రెండును ఒకదానితో నొకటి కలిసికొని, తలుపు తెరచినట్లగును. ఉత్తరమునకు తిరిగియున్నచో తలుపు చాలమట్టుకు మూసియే యుండును. ఈ దిక్కు ఏదియో సూర్యుని చూచి ముందుగా చెప్పుట మిక్కిలి కష్టము. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యుని వైపున కాపలా యున్న ఉపగ్రహములను అది తాకినప్పుడే నిశ్చయముగా తెలియును. అప్పటికి మనకు మిగులు గడువు ఇంచుమించు అరగంట, మహా అయిన ఒక గంట.

ఈ విద్య మన దేశమునకు కొత్త కాదు. 1859 సెప్టెంబరు 1వ తేదిని ఇంగ్లాండులో రిచర్డు కారింగ్టను అను ఆయన సూర్యుని మచ్చలను గీచుచుండగా, వానిమీద కన్నులు జిగేలుమను తెల్లని వెలుగు నొకదానిని చూచెను. సుమారు పదునేడు గంటల తరువాత భూమిమీద మహాతుపాను చెలరేగెను. బొంబాయిలోని కొలాబా పరిశోధనాలయమున పరిశీలకులు సెప్టెంబరు 2న తమ సాధనములను కంటితో చూచి వ్రాసిన అంకెలలో, భూమి అయస్కాంతశక్తి సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్లున్నది. మామూలు దినములందు ఆ కదలిక కొన్ని పదులు మాత్రమే. ఆ తుపాను ఎంత గొప్పదో ఎంచుటకు లోకములోని శాస్త్రజ్ఞులు నేటికిని ఆ కొలాబా పుస్తకమునే తెరచుచున్నారు. బొంబాయిలో విద్యుత్తు ట్రాములు వచ్చుటచేత 1904లో ఆ పని అలీబాగునకు మారినది. నూట అరువదియేండ్లు దాటినను పనికివచ్చునట్లు అంకెలు వ్రాసియుంచిన ఆ పరిశీలకులను తలచినప్పుడెల్ల, ప్రయోగపుస్తకములో కొలతలను ప్రక్కవాని నుండి ఎక్కించుకొను మన తొమ్మిదవ తరగతివారు నా కన్నులకు కట్టుదురు.

తుపానుకును పైగాలి పొంగునకును గల సంబంధమును మొట్టమొదట కనిపెట్టినవారిలో లుయీజీ యాకియా యను ఇటలీదేశస్థుడు ముఖ్యుడు. ఆయన అమెరికాలో పని చేయుచు, 1958లో రష్యావారి మూడవ స్పుత్నికు వంటి ఉపగ్రహములు దిగు వేగమును లెక్కించుచుండగా, అయస్కాంత తుపాను వచ్చిన దినములలో ఆ వేగము హెచ్చినట్లు చూచెను. ఆయనయు, ఆయన తరువాతివారును పైగాలికి గణిత నమూనాలు కట్టిరి. సూర్యకిరణములకు కొలతగా కెనడాలో దినదినము కొలుచు 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగముల బలమును, తుపానుకు కొలతగా కేపీ అను అంకెను తీసికొనిరి. ఈ కేపీ పలు దేశములలోని పరిశోధనాలయముల సూచులు ఎంత కదలినవో చూచి మూడు గంటల కొకసారి వేయు మార్కు. సున్న మొదలు తొమ్మిది వరకు.

ఇచ్చట ఉపాధ్యాయుడనైన నాకు ఒక పాత జబ్బు కనబడుచున్నది. మూడు గంటల పరీక్షకు ఒక్క మార్కు వేసి, దానినిబట్టి పిల్లవాని మనస్సంతయు తెలిసినదనుకొనుట! పొయ్యిలోని కట్టెలను మనము చూడలేదు. ప్రక్కగదిలో నున్న సూచి ఎంత అదరినదో చూచి, ఇన్ని కట్టెలు పడియుండునని ఊహించితిమి. ఆ ఊహ సరాసరిన బాగుగనే యుండును. ఏదో ఒక తుపానుకు మాత్రము తప్పును. కావలసినది ఆ తుపానుదే.

అంతకంటె లోతైన తప్పు మరియొకటి కలదు. పదవ తరగతివారు దీనిని కాగితముమీద వేసి చూడవలెను. తీగలో విద్యుత్తు ప్రవహించినప్పుడు పుట్టు వేడిమిని గూర్చి జూలు నియమము చదివినారు గదా. పైగాలిలోను అదే నియమము. అచ్చటి వేడిమి విద్యుత్ క్షేత్రపు వర్గముతో పెరుగును. క్షేత్రము గంటసేపు నిలుకడగా 4 ఉన్నదనుకొనుడు. వర్గము 16. ఇప్పుడు మొదటి అరగంట 2, రెండవ అరగంట 6 ఉన్నదనుకొనుడు. సరాసరి అదే 4. కాని 2 యొక్క వర్గము 4, 6 యొక్క వర్గము 36. ఈ రెంటి సరాసరి 20. చూచితిరా! క్షేత్రపు సరాసరి మారలేదు, వేడిమి మాత్రము నాలుగవ వంతు పెరిగినది. ధ్రువముల మీది విద్యుత్ క్షేత్రము నిలుకడగా నుండునది కాదు. క్షణక్షణమునకు, చోటుచోటునకు ఎగిరిపడుచుండును. దానిని నునుపు చేసి సరాసరి వేసికొన్న నమూనాలు వేడిమిని తక్కువగా చూపుచున్నవని 1995లో అమెరికాలోని పరిశోధకులు ఎత్తి చూపిరి. ఇది చదివిన రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు. ఇంత చిన్న లెక్క, మన నల్లబల్లమీద రెండు వరుసలలో ఇమిడిపోవునది, అంతటి ఉపగ్రహములను దారి తప్పించుచున్నదా యని.

పొయ్యిలో కట్టెలే కాదు, నీళ్ళు చల్లు చేయియు కలదు. పాలు పొంగునప్పుడు మన తల్లులు నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుదురు గదా. పైగాలిలో నైట్రిక్ ఆక్సైడు అను వాయువు ఆ పని చేయును. తుపాను వేడిమివలననే అది హెచ్చుగా పుట్టి, ఆ వేడిమిని కంటికి కనబడని పరారుణ కిరణములుగా ఆకాశములోనికి వెళ్ళగొట్టును. 2002 ఏప్రిలులో వచ్చిన తుపానులో టైమెడ్ అను ఉపగ్రహము ఈ సంగతిని స్పష్టముగా చూచెను. ఒక్కొక్కప్పుడు నీళ్ళు ఎక్కువ పడి, తుపాను తరువాత పైగాలి మునుపటికంటె చల్లబడి కృశించును. కావున వేడిమి ఎంత వచ్చెనో లెక్కించిన చాలదు; ఎంత పోయెనో కూడ లెక్కించవలెను. 2000లో జర్మనీవారు పంపిన చాంపు, 2002లో వెళ్ళిన గ్రేసు అను ఉపగ్రహములలో గాలిరాపిడిని సూక్ష్మముగా కొలుచు సాధనములుండుటచేత, పైగాలి ఎంత పొంగెనో ఉపగ్రహము తన దారిలో అడుగడుగునను కొలిచి చూపగలిగెను. పాల పొంగును చూచి కట్టెల లెక్కను సరిదిద్దుకొనుట అప్పటినుండి బాగుగా సాగినది.

ఇంత యెరిగియే గదా నేను పెద్దమ్మకు ధైర్యము చెప్పినది. 2022 ఫిబ్రవరి 3వ తేదిని అమెరికాలోని ఫ్లోరిడానుండి స్టార్‌లింకు అను ఉపగ్రహములు నలుబదితొమ్మిది ఒక్క రాకెట్టుతో వెళ్ళెను. వానిని మొదట సుమారు 210 కిలోమీటర్ల యెత్తున విడిచి, బాగున్న వానిని మెల్లగా పైకి తీసికొనిపోవుట వాడుక. ఆ దినములలో ఒక అయస్కాంత తుపాను వచ్చెను. గొప్పది కాదు, తుపానులకు ఐదు మెట్లు ఏర్పరచియున్నారు, ఇది మొదటి మెట్టుది. అయినను మునుపటి ప్రయోగములతో పోల్చగా గాలిరాపిడి నూటికి ఏబది వంతుల వరకు హెచ్చెను. ఉపగ్రహములను కాగితమువలె అంచు ముందుకు పెట్టి ఎగురునట్లు త్రిప్పిరి. లాభము లేకపోయెను. ముప్పదియెనిమిది ఉపగ్రహములు తిరిగి దిగి గాలిలో కాలిపోయెను.

పత్రికలో ఆ వార్త చదివి నేను చాల సిగ్గుపడితిని. మా తండ్రిగారు తెలియని దానిని తెలియదని చెప్పిరి. నేను సగము తెలిసినదానిని అంతయు తెలిసినట్లు చెప్పితిని. వారి మాటకు కొలత లేకపోయెను. నా మాటకును లేకపోయెను. ఆ వారము తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచు ఈ సంగతి విద్యార్థులతో ఒప్పుకొనగా, వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, “చిన్న తుపానే గదండీ, లెక్కలో ఎందుకు దొరకలేదు?” అని అడిగెను. మంచి ప్రశ్న. తుపాను వచ్చునని ముందుగనే కొంత తెలిసియే యుండెను. కాని అది పొయ్యిలో ఎన్ని కట్టెలు వేయును, ఆ వేడిమి ధ్రువములనుండి మిగిలిన భూమిమీదికి ఎంతసేపటికి వ్యాపించును, రెండు వందల కిలోమీటర్ల యెత్తున గాలి ఎంత చిక్కబడును అను లెక్కను ఆ ఉపగ్రహములను పంపు గడియకు ముందు ఎవరును గట్టిగా వేసి చూడలేదని నా తలంపు. చిన్నదానిని చూచి ఎవరు భయపడుదురు?

2023 సెప్టెంబరు 2వ తేది శనివారము. ఆ దినము పదునొకండు గంటల ఏబది నిమిషములకు శ్రీహరికోటనుండి ఆదిత్య ఎల్-1 ఆకాశమున కెగసెను. మన విద్యార్థులందరు మైదానమున నిలువబడి దక్షిణదిక్కున లేచిన తెల్లని పొగగీతను చూచి కేకలు వేసిరి; జ్ఞాపకమున్నది గదా? కొలాబావారు ఆ మహాతుపాను అంకెలు వ్రాసినదియు సెప్టెంబరు 2వ తేదియే యని నేను చెప్పితిని గాని, ఆ గోలలో ఎవరు వినిరి! ఆ నౌక 2024 జనవరి 6న తన కాపలాచోటు చేరెను. నేను మీదచెప్పిన 15 లక్షల కిలోమీటర్ల దూరపు చోటు అదియే. సౌరపవనమును, అది తెచ్చు అయస్కాంత క్షేత్రమును కొలుచు సాధనములు అందులో కలవు. తలుపు తెరచుకొనునా లేదా యని చూచు కాపరులలో మన దేశపు కాపరియు చేరినాడన్నమాట.

అది చేరిన నాలుగు నెలలకే, 2024 మే 10వ తేదిని, సుమారు ఇరువదియేండ్లలో రానంత గొప్ప తుపాను వచ్చెను. లడఖులోని హాన్లే నుండి సయితము ఆకాశమున ఎఱ్ఱని వెలుగు కనబడెను. పైగాలి పొంగెను. వేలకొలది ఉపగ్రహములు ఒక్కసారిగా తమ తమ త్రోవలను సరిదిద్దుకొనసాగెను. ఏది యెచ్చట నుండునో లెక్క వేయువారికి ఒకటి రెండు దినములు పట్టపగలే దారి కనబడనట్లయ్యెను. అయినను ఈసారి నాలుగవ మెట్టు తుపాను వచ్చుచున్నదని ముందుగనే హెచ్చరిక వచ్చెను. 2022 నాటి పాఠము కొంత ఒంటబట్టినది.

అప్పుడు మనకు వేసవి సెలవులు. నేను బస్సెక్కి పెద్దమ్మ యింటికి పోయితిని. మనుమడు పెంచుచున్న నాలుగు మేకలు వాకిట చెట్టునీడను కట్టియుండెను. నులకమంచముపై కూర్చుండి, మూడేండ్ల క్రిందట నేను చెప్పినది తప్పని ఆమెతో ఒప్పుకొంటిని. పాల గిన్నెను గూర్చియు, కట్టెలను గూర్చియు చెప్పితిని. ఇప్పుడు వారికి చాల తెలియుననియు, అంతయు తెలియదనియు, తెలియనిది ఎంతయో చెప్పుటకు మాత్రము మునుపటికంటె బాగుగ నేర్చుకొనుచున్నారనియు చెప్పితిని. మా తండ్రిగారికి ఆనాడు తెలియని అంకెయు చెప్పితిని: అది ఆమె మీదనే పడుటకు 60,000 కోట్లలో ఒక పాలు.

ఆమె ఆ అంకెను పట్టించుకొనలేదు. చాలసేపు మేకల వైపు చూచుచుండి, తరువాత అడిగెను:

“అయితే నాయనా, ఆ బేరగాడికి మాత్రం తెలుసన్నమాటేగా, పడదని? అందరం పోయేవాళ్ళమే అయితే వాడు నా మేకల్ని ఎందుకు కొన్నట్టు?”

మనుమడును నేనును గొల్లున నవ్వితిమి. పెద్దమ్మ నవ్వలేదు.